పుస్తకంలో లేని మాట

గద్వాల,
18 ఏప్రిల్ 1993

ప్రేమగల నాయినకు, దండాలు.

నువ్వు పట్టు కోసం బెంగుళూరు పోయి ఎనిమిది దినాలాయె. ఇంట్ల అమ్మ, నేను బాగున్నం. మగ్గాల షెడ్డు సంగతే బాగలేదు. నువ్వు తెచ్చిపెట్టిన కలర్ టీవీ, వీసీఆర్ పొద్దుగాల మొదలైతే పొద్దూకేదాంక ఆగుతలేవు. ఉన్నవి నాలుగు క్యాసెట్లే. ఏ ఫైటు తర్వాత ఏ పాటొస్తదో నేతగాళ్లందరికీ నోటికొచ్చింది. అయినా తలకాయలెత్తి చూస్తనే ఉండ్రు. "సేటు మస్తు తెలివిగల్లోడమ్మా, ఒక్క పైస పెంచకుండనే మా నోర్లు మూపిచ్చిండు" అని యాదమ్మ నా మొకం మీదనే అన్నది.

నాయినా, నేతపనికి కండ్లు, చేతులు, కాళ్లు అన్నీ కావాలె. ఖాళీగుండేవి చెవులే. అందుకే బీఏ అయిపోయి ఇంటికొచ్చినంక నేను షెడ్డు గడప మీద కూసొని అందరికీ ఇనపడేటట్టు పుస్తకం చదివితే ఎవరి పనీ ఆగలేదు. టీవీ కండ్లు అడుగుతది. ఈ వారంల మూడు చీరలకు పట్టు అంచును నూలుతోని కలిపే కుట్టు తప్పింది. వేలు దూరేంత సందు. అండ్ల భీమన్న నేసిన చీర గూడ ఉంది. ఆయన చేతిల కుట్టు తప్పుడు నేనెన్నడు చూడలేదు.

ఆ భీమన్న గురించే ఈ ఉత్తరం. నువ్వు పోయేముందు ఆయనొచ్చి అడిగితే ఏమన్నవ్? "మధ్యాహ్నం రెండు గంటలు మగ్గాలు ఆపాలెనట! రేకుల కింద ఎండ ఈ యేడే కొత్తగొచ్చిందా? ఆ పుస్తకమే వీని దిమాగ్ ఖరాబ్ చేసింది. నేను రాంగనే వీన్ని మగ్గం దించుత" అన్నవ్. పుస్తకాన్ని ఇనుప పెట్టెల వెట్టి తాళమేసినవ్.

ఆ పుస్తకం ఏ పాపమూ ఎరగదు. అది అద్దకం పని చేసే ఒక ఆడామె కథ, మొదటి భాగం. ఆమె పోయి సేటు తలుపు కొట్టంగనే అయిపోతది. రెండో భాగం తెద్దామని పోతే మన వీధి చివరి పుస్తకాల గది వీడియో హాలయ్యింది. పుస్తకాలేవంటే, పొట్లాలు కట్టెటోళ్లకు తూకానికి ఇచ్చినమన్నరు. ఇక్కడేమో భీమన్న, "ఇంతకు తలుపు ఎవరు తీసిండ్రమ్మా?" అని పొద్దుగాల్నే తయారు. కథ లేదని చెప్ప బుద్ధికాలే. అయిపోయిన పుస్తకాన్నే మళ్ల తెరిచి, పేజీలు తిప్పుకుంట, మనసుకొచ్చింది చదివినట్టు చెప్పిన. ఇరవై దినాలు! సేటును బయటికి రప్పిచ్చింది నేను. ఎండల రెండు గంటలు పని ఆపాలెనని ఆమెతోని అడిగిచ్చింది నేను. మన షెడ్డుల యాదమ్మ రెండుసార్లు కండ్లు తిరిగి పడ్డది. ఆ మాట నీ ముందల నిలబడి చెప్పే ధైర్యం అప్పుడు నాకు లేకపాయె.

ఇప్పుడుంది. శిక్ష వెయ్యాలెనంటే నాకెయ్యి. భీమన్న విన్నడు, నిజమనుకున్నడు, అంతే. రేపు అందరికీ అసలు సంగతి చెప్త. ఇంకా వింటమంటే, పుస్తకం అడ్డం పెట్టుకోకుండ ఇది నా కథేనని ఒప్పుకొని నేనే చెప్త. నువ్వు వద్దన్నా చెప్త.

నీ బిడ్డ,
బాలమణి

బెంగుళూరు,
24 ఏప్రిల్ 1993

బిడ్డా బాలమణీ,

నీ ఉత్తరం అందింది. తాళమేసే ముందు ఆ పుస్తకం నేను చదివిన. ఐదో తరగతి కాడ ఆగినోన్ని, వరుస కింద వేలు వెట్టి మొత్తం చదివిన. మగ్గాలాపే మాట అండ్ల యాడ లేదు. అది నీ మాటేనని అప్పుడే తెలిసింది.

తాళం పుస్తకానికేసిన గని కోపం నీ మీద. భీమన్న నా మొకం మీద అడిగిండు. డిగ్రీ చదివిచ్చిన నా బిడ్డ అడగలే, పుస్తకం చాటుకు పోయింది. గంత భయపెట్టిన్నా నేను? ఆ బాధ ఎవరికి చెప్పాల్నో తెల్వక భీమన్న మీద అరిచిన. ఆయన మగ్గం ఆయనదే. నా మాటగ చెప్పు.

పన్నెండున్నర నుంచి మూడు దాంక పని ఆపమను. నువ్వు భయపడి తక్కువ అడిగినవ్. టీవీని ఇంట్లకు మోయించు, మీ అమ్మ చూసుకుంటది.

బేస్తవారం బస్సెక్కుత. నేనొచ్చినంక నువ్వు కథ చెప్తుంటే నాకొక ఖాళీ మగ్గం చూపియ్యి, నేసుకుంట వింట. సేటు కుర్చీల కూసొని వింటే నాకు మల్ల కోపమొస్తది.

మీ నాయిన,
రామస్వామి