‘ఝూట్’ అనకు అన్నా

అన్నా,

యూనియన్ మిలిటరీ మన నిజాం రాజ్యంలకు వచ్చిన దినాలల్ల బయటికి పోయినోనివి, మళ్ల రాలె. నేటికి ఏడాది.

ఇయ్యాల అమ్మను మన సికింద్రాబాద్ల సినిమాకు తీస్కపోయిన. ఖూనీల కథ, ఒక్క ముచ్చట సుత నమ్మెటట్టు లేదు. నీళ్లల్ల మునిగి సచ్చిన కొడుకు ఆఖర్ల ఇంటికొచ్చి తలుపు కొడ్తడు. గిసుంటి కాడనే నువ్వు “ఝూట్!” అని ఒర్రెటోనివి, హాలంత నవ్వెటోళ్లు.

కని తల్లి ఏషం కట్టినామె ఉరకలె, ఏడ్వలె. గడియ మీద చెయ్యి పెట్టి, తియ్యనీకి భయపడ్డది. గంతే. ఒక్కరు సుత నవ్వలె. అమ్మ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

నా పక్క కుర్చీ ఖాళీగ ఉండె. దాని దిక్కు వంగి మెల్లగ చెప్పిన, “జెర ఊకో అన్నా, తలుపు తియ్యనియ్యి.”

నువ్వు ఊకున్నవ్.