డాలస్ పెద్దదా, హ్యూస్టన్ పెద్దదా

జూలై 1, మంగళవారం

పొద్దున్నే ఉక్క. గాలి లేదు. బౌషర్ కొండలు దుమ్ములో కనిపించడం లేదు. విల్లా పై అంతస్తు బాత్రూమ్‌లో టైల్స్ సగం అయ్యాయి. ఖాదర్ భాయ్ పైపులు బయటికొచ్చే చోట సుద్దతో గుర్తులు పెట్టాడు. నేను రంధ్రం కోస్తుంటే టైల్ కదలకుండా పట్టుకుని కూర్చున్నాడు. ప్లంబర్లు ఎవరూ అలా కూర్చోరు. గుర్తు పెట్టి పోతారు. ఈయన కూర్చుంటాడు.

ఎండకు మధ్యాహ్నం బయటి పని బంద్. మాది లోపలి పని. బంద్ లేదు.

జూలై 2

సాయంత్రం రూమ్‌లో గంగారాం ఫోన్‌లో ఒక వీడియో పెట్టాడు. అమెరికా నగరాల్లో జనం ఏటేటా ఎట్లా పెరిగారో — రంగు పట్టీలు పరుగెత్తుతుంటాయి. పైన న్యూయార్క్, లాస్ ఏంజిలిస్. వాటి జోలికి ఎవరూ పోలేరు. చికాగో అలిసిపోయినట్టు నిలబడింది. కింది నుంచి డాలస్, హ్యూస్టన్ ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి. కబడ్డీ చూసినట్టు చూశాం. మా చెల్లె డాలస్‌లో. ఖాదర్ భాయ్ తమ్ముడు సలీం హ్యూస్టన్‌లో. ఇంకేం కావాలి.

చివరికి రెండింట్లో డాలస్ పైన ఆగింది.

"చూసినవా భాయ్?" అన్నాను.

"ఇంగోటి పెట్టు గంగన్నా. ఊరొక్కటే లెక్కబెట్టేది."

దాంట్లో హ్యూస్టన్ పైన. ఖాదర్ భాయ్ గడ్డం నిమురుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్లు కలిపితేనే అసలు లెక్క అన్నాను. మనం ఉండేది బౌషర్, మస్కట్ అని చెప్పుకుంటలేమా?

"అట్లయితే మా కడపను గూడా హైదరాబాద్‌లో కలిపెయ్. అన్వర్‌కు చుట్టమైపోతా."

అందరం నవ్వాం. హైదరాబాదీ డ్రైవర్ అన్వర్ కూడా. చుట్టరికం మాట నిజంగానే నడుస్తోంది — అన్వర్ చెల్లెలిని సలీంకు అడుగుతున్నారు.

జూలై 3

టైల్ పట్టుకుని ఖాదర్ భాయ్ మెల్లగా చెప్పాడు. సలీం ఉండేది హ్యూస్టన్‌లో కాదట. అక్కడి నుంచి కారులో సగం పూట. చిన్న ఊరు. పెట్రోల్ బంకులో పని.

"ఆ ఊరి పేరు చెప్తే ఎవురికి తెలుస్తాది నర్సన్నా? హ్యూస్టన్ అని చెప్పుకుంటా వచ్చినాం."

మరి అన్వర్‌కు?

"రేపు నమాజ్ అయినాక నేనే చెప్తా. నీ నోట రానీయొద్దు."

సరే అన్నాను. ఆ ధ్యాసలోనే తర్వాత రెండు టైల్స్ విరగ్గొట్టాను.

జూలై 4, శుక్రవారం

నమాజ్‌కు ఇంకా టైం ఉంది. ఖాదర్ భాయ్ మటన్‌కు ఉల్లిగడ్డలు వేయిస్తున్నాడు. గంగారాం మళ్లీ కదిపాడు — ఇంతకు ఏది పెద్దది?

"మీ డాలస్ యాడ ఊరబ్బా," అన్నాడు ఖాదర్ భాయ్. "విరిగిన ముక్కలన్నీ ఏరి అతికించినారు. మన నర్సన్న పని మాదిరి."

రూమంతా నవ్వింది. గంగారాం మంచం మీద పడి నవ్వాడు. నిన్న నా చేతిలో విరిగిన టైల్స్ సంగతి అందరికీ తెలుసు. నోరు ఆగలేదు.

"మా చెల్లె ఉన్న ఊరు డాలస్ లెక్కలనన్న వస్తది. మీ సలీం పెట్రోల్ బంకు ఏ లెక్కల వస్తది భాయ్? సగం పూట దూరమాయె."

ఉల్లిగడ్డలు మాడుతున్నాయి. "పెట్రోల్ బంకా?" అన్నాడు అన్వర్. ఖాదర్ భాయ్ స్టవ్ ఆపాడు. నా వైపు చూడలేదు.

"నమాజ్ అయినాక చెప్దామనుకుంటి అన్వర్."

"నమాజ్ అయినాక," అన్నాడు అన్వర్. అంతే.

మసీదుకు ఇద్దరూ వేరువేరుగా పోయారు. మటన్ మిగిలిపోయింది.

జూలై 5

అన్వర్ ఇంటికి ఫోన్ చేశాడు. సంబంధం వద్దన్నారు. తర్వాత నాతో — "బంకు అయితే ఏందన్నా. మా అబ్బా ఆటో నడిపిండు. దాచిండు. గదే."

దాచలేదు, ఆ రోజే చెప్పేవాడు. ఆ మాట అనాల్సింది నేనే. చెప్పలేదు. చెప్తే తప్పంతా నా మీదికి వస్తుంది. వస్తే రావాల్సిందే కదా...

జూలై 6

ఖాదర్ భాయ్ చిన్న గిన్నె కొనుక్కొచ్చాడు. అందులో తన ఒక్కడికే వండుకున్నాడు. ఇన్నేళ్లు ఒకే కుండలో తిన్నాం.

సైట్‌లో గుర్తులు పెట్టి కిందికి పోయాడు. టైల్‌ను మోకాలితో అదిమి కోశాను. విరిగింది. చప్పుడుకు పైకి వచ్చాడు. ముక్కలు చూశాడు. ఇంకో టైల్ తీసి, మళ్లీ కొలిచి, గుర్తు పెట్టి వెళ్లాడు. ఒక్క మాట అంటే బాగుండు.

జూలై 8

గంగారాం — "గెలవాలె అనుకున్నవ్. గెలిచినవ్."



జూలై 11, శుక్రవారం

చెల్లెకు ఫోన్. మాటల్లో అడిగాను, డాలస్‌లో మీ ఇల్లు ఏ దిక్కు అని.

"డాలస్ ఎక్కడన్నా? మా ఇంటి కాడి నుంచి రెండు గంటలు పోవాలె. మన దిక్కు అందరికి డాలసే ఎరుక. గందుకే గట్ల చెప్తం."

"చుట్టుపక్కల ఊళ్ల లెక్కలన్న వస్తదా?"

"రాదన్నా. మాది వేరే జిల్లా లెక్క. ఎందుకు అడుగుతున్నవ్?"

"ఊకెనే."

ఫోన్ పెట్టేసరికి ఎదురు మంచం మీద అన్వర్.

"డాలస్ చెల్లెనా అన్నా? మంచిగున్నదా?"

మంచిగున్నది అన్నాను.

జూలై 13

ఇక్కడికి వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న రైసూత్ సైట్‌కు ప్లంబర్ కావాలని ఫోర్‌మన్ అడిగాడట. ఖాదర్ భాయ్ తనంతట తానే పేరిచ్చాడు. గంగారాంతో చెబుతుంటే విన్నాను — "అక్కడ జల్లు పడ్తా ఉందంట. సల్లగుంటాది."

నాకు చెప్పలేదు.

జూలై 14

డ్యూటీ నుంచి వచ్చేసరికి రూమ్‌లో ఖాదర్ భాయ్, అన్వర్. ఇద్దరూ ఉన్నారు. ఇప్పుడే చెప్పాలి. మా చెల్లెది కూడా డాలస్ కాదని, ఆ రోజు నమాజ్ కాగానే అన్వర్‌కు చెప్తానని ఖాదర్ భాయ్ నాతో అన్నాడని.

"భాయ్" అన్నాను.

"చెప్పు నర్సన్నా."

చాలా రోజులకు పేరు పెట్టి పిలిచాడు. అన్వర్ కూడా తలెత్తాడు.

"పై బాత్రూమ్‌ల ఇంక పెట్టే గుర్తులేమన్న ఉన్నయా?"

"అన్నీ పెట్టేసినా."

జూలై 15

పని. ఉక్క.

జూలై 16, బుధవారం

పొద్దున దుమ్ము గాలి. కొత్త ప్లంబర్ ఇంకా రాలేదు. పై బాత్రూమ్‌లో గుర్తులు ఉన్నాయి, కోసుకోవాలి.

ఖాదర్ భాయ్ తెల్లారి కంపెనీ బండిలో రైసూత్ పోయాడు. సంచి అన్వర్ మోశాడు, కింద బండి దాకా. నేను కిటికీ దగ్గర ఉన్నాను.