ఎలుకల మందు

మక్తల్ మండలం,
శ్రావణ మాసం, 1994

చిరంజీవి బిక్షమ్మకు బాపు గాలయ్య దీవించి రాయునది. ఇక్కడ అందరం బాగున్నామని రాయడం అలవాటు. అందరం అంటే ఇప్పుడు నేను, గొర్రెలు. బాగున్నాము. బొంబాయిలో నీ పానం మంచిగుందని తలుస్తాను.

ఎప్పుడూ బడి పంతులు చేత రాయించేవాడిని. ఈసారి నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే కూడబలుక్కొని చదువుకో.

వాన సంగతి అడిగావు. ఒక్క పదను పడింది. గట్టు మీది చెలకలో ఆముదాలు, కందులు పెట్టాను. మొలక బాగానే ఉంది. నల్లగొర్రె ఈనింది. పిల్ల తల్లిలాగే మొండిది, పాలకు తప్ప దగ్గరికి రాదు. రొట్టెలెవరు చేస్తున్నారని అడిగావు. నేనే తట్టుకుంటున్నాను. పక్కింటి గోవిందమ్మ చూసి, "ఏంది బావా, గీ రొట్టెను గొర్రె తొక్కిందా?" అన్నది. నవ్వొచ్చింది. మీ అమ్మకు చెబుదామని ఇంట్లోకి తిరిగి చూశాను.

ఇక నీ ఉత్తరంలో చివర రాసిన మాట. మన ఊరి కాటమయ్య అక్కడికి కూలికి వచ్చి, "మీ అమ్మ రోగంతోటి పోలే, మందు తాగింది" అని నీతో అన్నాడని రాశావు. నొప్పి ఓర్చుకోలేక పోయిందా, నన్ను ఒక్కసారి చూడాలని కూడా అనిపించలేదా, నిజం చెప్పు బాపూ అన్నావు. పరిశోధనలో ఎలుకలను పట్టుకుంటే అమ్మే యాదికొస్తున్నది, ఈ పని మానేస్తానన్నావు. చదివి గొర్రెల వెంట పోయాను. చానా దినాలు జవాబు రాయడానికి చెయ్యి రాలేదు.

ఊరంతా ఆ మాటే అంటున్నది. మన దిక్కు మందు తాగిందంటే చావడానికే అని అర్థం. నేను ఎవరికీ ఎదురు చెప్పలేదు. నీవు వచ్చేసరికి మట్టి కూడా అయిపోయింది. నీతో రోగం ముదిరి పోయిందనే చెప్పాను. అది అబద్ధం. కానీ అమ్మ నిన్ను కాదనుకొని పోయిందని నీవు అనుకుంటే, అది అంతకంటే పెద్ద అబద్ధం. అందుకే రాస్తున్నాను.

ఉగాదికి నీవు వచ్చిన దినం యాది చేసుకో. అప్పటికే పెద్ద దవాఖానలో సూదులు వేసి తగ్గించిన గడ్డలు మెడకింద మళ్ళీ లేచినవి. ఇంటికి తీసుకపొమ్మన్నారు. అమ్మ చేట ముందు పెట్టుకొని పల్లికాయ ఒలుస్తూ, "నువ్వు అక్కడ జేసే పనేందే బిడ్డా?" అని అడిగింది.

నీవు మాకు తెలిసేటట్టు చెప్పావు. నెత్తురులో రోగంతో కొట్లాడే కణాలే మర్లబడితే ఈ గడ్డలు లేస్తాయన్నావు. మనం గొర్రె వీపు మీద ఎర్రజాజు పూసినట్టు వాటి మీద ఒక గుర్తు ఉంటుందన్నావు. ఆ గుర్తును పట్టుకునేదానికి విషం కట్టి పంపుతామన్నావు. ఒళ్లంతా తిరిగినా అది గుర్తున్నదాన్నే పట్టుకుంటుంది, లోపలికి పోయినాకనే ముడి విప్పుతుందన్నావు.

"మరి గుర్తున్న మంచి గొర్రె గూడ పోతది గదా?" అన్నాను.

"పోతది బాపూ. కని మందల మల్ల పుడుతయి."

"పని జేస్తాందా?" అన్నది అమ్మ.

"ఎలుకలల్ల గడ్డలు కరిగినయమ్మా. ఇప్పుడైతే ఎలుకలకే ఇస్తున్నం. మనుషులకు ఇయ్యనీకె ఇంక చానా ఏండ్లు పడుతది."

"అంటే ఎలుకల మందే గదనే!"

నీవు నవ్వావు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. మనం చూడలేదు.

నీవు పోయినాక ఆమె వంకాయ మానేసింది, చింతపులుసు మానేసింది. ఎందుకని అడిగితే "మందుకు పత్తెం" అన్నది. దవాఖాన గోలీలకేమో అనుకున్నాను. తర్వాత గోవిందమ్మతో కలిసి మక్తల్ సంతకు పోయింది. అక్కడ ఎలుకల మందు, నల్లుల మందు అమ్మేవాడు కూర్చుంటాడు కదా. వాణ్ణి, "ఇది మనిషికి ఎంత ఇయ్యాలె?" అని అడిగిందట.

"అత్తకా, కోడలికా?" అన్నాడట వాడు.

"నాకేనయ్యా."

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారట. గోవిందమ్మ కూడా నవ్విందట. అమ్మ దినాలు అయినాక గోవిందమ్మే ఈ సంగతి చెప్పి, నా ముందర మట్టిలో కూర్చొని ఏడ్చింది. "పరాచకమనుకున్న బావా, మస్తుగ నవ్వితిని" అని. ఎవరికీ చెప్పకమ్మా అన్నాను. నీ చెవిన పడుతుందని.

చావబోయే మనిషి పత్తెం ఉంటదా బిడ్డా?

ఒక పొద్దున నేను గొర్రెలను విడుస్తుంటే అమ్మ పిలిచింది. తానం చేసి, తూర్పు దిక్కు బీరప్ప దేవునికి మొక్కి, గడపలో కూర్చుంది. మొఖం చెమట పట్టి ఉంది.

"బిడ్డ మందు తిన్న," అన్నది.

"ఏం మందు?"

"బిక్షమ్మదే. ఎలుకలది. వాళ్లు ఇచ్చేటాలకు ఏండ్లు పడుతదట. అందాక నేనాగుతనా? కడుపుల మండుతాంది. పని జేస్తున్నట్టుంది."

నీ మాటలో తప్పు లేదు. నీవు అంతా సరిగ్గానే చెప్పావు. బతికించేదాన్నీ మందే అంటాము, చంపేదాన్నీ మందే అంటాము. మన మాటే అట్లాంటిది. పని మానడం నీ ఇష్టం. నేను చెప్పేవాణ్ణి కాను. ఆ ఎలుకలు ఇప్పుడు ఎట్లున్నాయో మాత్రం రాయి. మీ పెద్దసారు ఆ మందుకు పేరు పెట్టేటప్పుడు, అందులో ఎలుక అనే మాట రాకుండా చూడమని చెప్పు. మన అసొంటోళ్లు కూడా ఆ పేరు చెప్పి అడిగి తెచ్చుకొని తింటారు కదా.

ఇంకొకటి ఉంది. గోవిందమ్మకు కూడా చెప్పలేదు.

ఆ పొద్దున దవాఖానకు తీసుకపోతుంటే, జీపులో అమ్మ నా ఒడిలో తల పెట్టుకొని పడుకున్నది. దవాఖాన ఇంకా దూరముంది. నా చెయ్యి పట్టి మెడ మీద పెట్టుకున్నది.

"జర తడిమి చూడు. కరిగిందా?"

తడిమాను. గడ్డ ఎట్లున్నది అట్లనే ఉంది.

"కరిగింది," అన్నాను.

ఆమె మొఖంలో నీవు పుట్టిన నాటి నవ్వు వచ్చింది. ఇద్దరు పిల్లలు దక్కకపోతే, నీవు దక్కాలని బిక్షమ్మ అని పేరు పెట్టుకున్నాము. ఆనాటి నవ్వు.

"బిడ్డకు రాయి," అన్నది. "ఆమె మందు పని జేసిందని రాయి."

ఆ తర్వాత మాట లేదు. ఇన్ని దినాలు నాకు చెయ్యి రాలేదు. ఇప్పుడు రాశాను.

ఇట్లు,
మీ అమ్మ చెప్పగా రాసిన
నీ బాపు గాలయ్య