మందబయలులో ఉంచవలసినవి

హోసూరు, మందవీధి
12-12-2005

ప్రియమైన తమ్ముడు వెంకటరమణప్పకు, నీ అక్క మునివెంకటమ్మ దీవించి చెప్పి రాయించేది.

తమ్ముడివీ నువ్వే, అల్లుడివీ నువ్వే కాబట్టి నిన్ను తిట్టడానికి నాకు రెండు హక్కులున్నాయి. దసరా పోయినాక నీ దగ్గరి నుంచి కాగితం ముక్క లేదు. ఫోను మాత్రం చెయ్యకు. ఫోను పెట్టెయ్యగానే మాట పోతుంది. ఉత్తరమైతే మళ్ళీ మళ్ళీ చదివించుకుంటాను. ఇది రాస్తున్నది మా సంఘంలోని సుధామణి. నేను చెప్పింది సాపు చేసి రాస్తుంది. చదువుకున్నది గదా, నా బూతులు వదిలేస్తుంది.

మంచి కబురు విను. మన మందబయలు పార్కు కాబోతోంది! మన తాత గొర్రెల మంద తోలిన నేల ఇప్పుడెట్లా ఉందో నీకు తెలియదు. నువ్వు వస్తే గదా. పగిలిన సీసాలు, కూల్చిన ఇళ్ళ మట్టి, చచ్చిన కుక్కలు. మా మారియమ్మ మహిళా సంఘం పన్నెండు మందిమి మూడేళ్ళు ఆఫీసు మెట్లు ఎక్కి దిగాం. ఆఖరికి నళిని అనే ఆఫీసరమ్మ వచ్చింది. తమిళం మనిషి, తెలుగు బాగా మాట్లాడుతుంది. కుర్చీ తెస్తే వద్దని మాతో పాటు చాప మీద కూర్చుంది.

"ఉంచవలసినవి చెప్పండమ్మా, పట్టీ రాసుకుంటాను. పట్టీలో లేనివన్నీ మిషను తీసేస్తుంది" అంది.

మూడు వేపచెట్లు, మారియమ్మ గుడి, గొర్రెలు నీళ్ళు తాగే రాతి తొట్టి రాయించాను. కింద సంఘం తరఫున నా వేలిముద్ర. పార్కు అయ్యాక చెట్లకు నీళ్ళు పోసే పని, ఊడ్చే పని మా పన్నెండు మందికే. సంఘం కూర్చోవడానికి అందులోనే ఒక గది. వేలు తుడుచుకుంటూ, "సంతకం పెట్టేవాళ్ళు ముగ్గురుండగా పట్టా నా బొటనవేలికే దక్కింది చూడండే" అన్నాను. అందరూ నవ్వారు.

అంబికకు, పిల్లలకు నా దీవెనలు.

ఇట్లు నీ అక్క
మునివెంకటమ్మ, వేలిముద్ర


కృష్ణగిరి
3-1-2006

ప్రియమైన అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం మండీకి తీసుకెళ్ళి మధ్యాహ్నం రెండుసార్లు చదువుకున్నాను. ఇప్పుడు మామిడికాయ కాలం కాదు కాబట్టి మండీలో మూటలు మోసే పని తక్కువగా ఉంది. పార్కు వస్తున్నందుకు సంతోషం. నువ్వు అనుకుంటే జరగనిదేముంది!

ఒక్క మాట అడగాలి, కోపపడకు. నువ్వు రాయించిన పట్టీలో గౌరి రాయి లేదేం? అక్కా, ఏడో నెల కడుపుతో అది పోయినప్పుడు నువ్వే అన్నావు, "నా బిడ్డ బరువు దించుకోకుండానే పోయింది, దాని పేరున బరువు దించే రాయి నాటాలి" అని. తమిళం వాళ్ళు సుమైతాంగి అంటారే, అదే. ఉద్దనపల్లి నుంచి రెండెడ్ల బండి మీద ఆ మూడు రాళ్ళూ తెచ్చింది నేనే. రెండు నిలువు రాళ్ళు పాతి, పైన అడ్డరాయి పెట్టి, దాని ఎత్తు నీ భుజానికి కొలిచి చూసుకున్నాను. దారిన పోయేవాళ్ళు నెత్తి మీది మూట దాని మీద దించుకున్నప్పుడల్లా గౌరి బరువు కొంచెం దిగుతుందన్నావు.

ఆ తర్వాత నేను ఆ నేల తొక్కలేకపోయాను. నీకు తెలుసు. అయినా అది అక్కడుందనే ధైర్యంతో ఇక్కడ బతుకుతున్నాను. దాన్ని పట్టీలో రాయించు.

నీ తమ్ముడు
వెంకటరమణప్ప


హోసూరు
20-1-2006

ప్రియమైన తమ్ముడికి,

చిన్నప్పటి నుంచి నీకు భయమెక్కువ. ఎల్లుండి భూమి పూజ. మంచి పని మొదలుపెట్టేటప్పుడు కడుపుతో పోయినదాని పేరు ఎత్తకూడదని నీకెవరూ చెప్పలేదా? నేను పలకను, నువ్వూ ఉత్తరంలో రాయకు.

ఆ రాయి సంగతి మందవీధిలో ఎవరికి తెలియదు? పదహారేళ్ళుగా గడ్డిమోపులవాళ్ళు, బాగలూరు నుంచి పూలబుట్టలతో వచ్చేవాళ్ళు, అందరూ దాని మీదనే దించుకుంటున్నారు. బాగలూరు నుంచి ఆకుకూరల గంప మోసుకొచ్చి నేను రోజూ దించేది ఎక్కడ? తాకేవాడెవడు దాన్ని?

పూజకు వస్తావా? రావు. తెలుసు.

ఇట్లు అక్క
మునివెంకటమ్మ, వేలిముద్ర


హోసూరు
9-5-2006

వెంకటరమణప్పా,

రాయి లేదు.

గురువారం బాగలూరు నుంచి గంపతో వచ్చాను. ఎండకు కళ్ళు చీకట్లు కమ్ముతుంటే తల ఎత్తకుండా, అలవాటు కొద్దీ నడిచి, మెడ వంచి గంప దించబోయాను. చేతుల కింద ఏమీ లేదు. గంప నేల మీద పడింది. ఆకుకూరలన్నీ ఎర్రమట్టిలో. అప్పుడు తల ఎత్తి చూస్తే బయలంతా తట్టలా చదునుగా ఉంది. మారియమ్మ గుడి ఉంది. వేపచెట్లున్నాయి. గొర్రెలు నీళ్ళు తాగే తొట్టి కూడా ఉంది తమ్ముడా! గొర్రెల తొట్టి ఉంది!

మిషను తోలేవాడిని పట్టుకున్నాను. "ఒరేయ్, యాడ పెట్టినావురా రాళ్ళు?" అంటే, "అవ్వా, లారీలో పోయినాయి. నాకేం తెలుసు, పట్టీలో ఉండేవి వదిలినాను, లేనివి తీసినాను" అన్నాడు.

నువ్వు కృష్ణగిరిలో ఉన్నావు. ఇప్పుడు జిల్లా ఆఫీసులన్నీ నీ ఊళ్ళోనే గదా. సోమవారం అర్జీలు తీసుకుంటారట. నా వ్యాజ్యం ఇది, నువ్వే అర్జీలో రాసి ఇవ్వు: నా పేరు మునివెంకటమ్మ. గొర్రెల కాపరి మల్లప్ప కూతురిని. ఎవరి సొమ్మూ అడగడం లేదు. నా బిడ్డ రాయిని నన్ను అడగకుండా, నాకు చెప్పకుండా తీసేశారు. ఎక్కడ నుంచి తీశారో అక్కడే మళ్ళీ నిలబెట్టాలి. ఆ పని కానిదే పార్కు గేటు తెరవకూడదు.

బిడ్డ పేరు అర్జీలో నువ్వే రాయి. నా నోటితో పలికించకు.

ఇట్లు
మునివెంకటమ్మ, వేలిముద్ర


కృష్ణగిరి
18-6-2006

ప్రియమైన అక్కకు,

ఆలస్యానికి క్షమించు. మామిడి కాలం. రాత్రీ పగలూ లారీలే. భుజం తోలు ఊడింది.

అర్జీ ఇచ్చాను. చూస్తామన్నారు. ఇట్లాంటివి కొంచెం కాలం పడుతుందట. నువ్వు ఆఫీసరమ్మ మీదికి పోకు. అందరి ముందు ఏమీ అనకు. సంఘం వాళ్ళతో గొడవ పెట్టుకోకు. వేళకు తిను.

నీ తమ్ముడు
వెంకటరమణప్ప


హోసూరు
21-8-2006

వెంకటరమణప్పకు,

ఈసారి 'ప్రియమైన' అని పెట్టవద్దని సుధామణికి చెప్పాను. అర్జీ ఇచ్చి రెండు నెలలైంది. ఏ నంబరు ఇచ్చారు? ఎవరి చేతికిచ్చావు? ఏ ప్రశ్నకూ బదులు లేదు. వేళకు తినమంటావు. తినడం నాకు నువ్వు నేర్పుతావా?

పార్కు గేటు తెరిచారు. రంగురంగుల ఉయ్యాలలు, చుట్టూ నడిచే దారి. నిజం చెప్పాలి, బాగుంది. మా మారియమ్మ సంఘం ఆడవాళ్ళు పచ్చ కోట్లు వేసుకుని నీళ్ళు పోస్తున్నారు. పొరక పట్టుకున్నా పెళ్ళికూతుళ్ళలా ఉన్నారు. నేను లోపలికి పోను. జయలక్ష్మమ్మ నన్ను చూసి తల తిప్పుకుంటుంది. నా వ్యాజ్యం గెలిస్తే వాళ్ళ పని పోతుందని భయం. ఆ రోజు చాప మీద కూర్చున్నవాళ్ళలో ఒక్కతె కూడా నా పక్షాన నోరు విప్పడం లేదు.

నీకు మళ్ళీ పెళ్ళి చేసింది నేను. అంబికను నీ ఇంటికి నేనే చెయ్యి పట్టి తీసుకొచ్చాను. ఎందుకు? నువ్వు ఒంటరిగా కుళ్ళిపోకూడదని. నా బిడ్డను మరిచిపొమ్మని కాదు. పదహారేళ్ళలో ఒక్కసారి ఆ రాయి మీద చెయ్యి పెట్టలేదు నువ్వు. ఇప్పుడు ఒక కాగితం ఇచ్చి రావడానికి కూడా నీకు కాళ్ళు రాలేదంటే, నాకు తమ్ముడూ లేడు, అల్లుడూ లేడు.

మునివెంకటమ్మ, వేలిముద్ర

అన్నా, ఇది సుధామణి మాట. అవ్వకు తెలియకుండా కింద రాస్తున్నాను. అవ్వ రోజూ ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని పార్కు గేటు ముందు నిలబడుతోంది. ఏదైనా చెప్పన్నా, మంచో చెడో.


కృష్ణగిరి
10-9-2006

ప్రియమైన అక్కా,

నేను అబద్ధం చెప్పాను. అర్జీ ఇవ్వలేదు.

మే నెలలోనే, సోమవారం పొద్దున్నే వెళ్ళాను. వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక పార్కు పని చూసే ఆమె ఆ రోజు అక్కడే ఉందని చెప్పి, ముందు ఆమెతో మాట్లాడమన్నారు. నళినమ్మే. నేను నోరు తెరవగానే ఫైలు తెప్పించింది. పట్టీ తీసి తమిళంలో ఉన్నది నాకు తెలుగులో చదివి చెప్పింది. వేపచెట్లు, గుడి, తొట్టి. ఆ కింద ఇంకొక వరుస ఉందక్కా: "తూర్పు మూల మూడు రాళ్ళు. అడిగితే, ఉత్త రాళ్ళు, అక్కరలేదన్నారు." దాని కింద నీ వేలిముద్ర. నీ బొటనవేలి మీద కొడవలి గాటు ఉంది గదా, అది కూడా పడింది.

ఆమె కోపపడలేదు. ఫైలు మూసింది. ఆఖరికి, "చెప్పి ఉంటే నడకదారిని కొంచెం పక్కకు మలిపేదాన్నే గదండీ" అంది.

రాళ్ళు ఏమయ్యాయని అడిగాను. కంకర జల్లి కొట్టే చోటికి పోయాయట. ఆ జల్లి మళ్ళీ లారీలో వచ్చి నడకదారి కింద పడిందట.

అర్జీ మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. నువ్వు నన్ను పిరికివాడనుకో, అది మోయగలను. ఇది నీకు చెప్పడం నా వల్ల కాలేదు. సుధామణి రాసిన మాట చూశాక ఇక దాచలేకపోయాను.

కొత్త రాయి నాటుదాం అక్కా. ఉద్దనపల్లి వెళ్ళి నేనే తెస్తాను. ఈసారి తప్పకుండా వస్తాను.

నీ తమ్ముడు
వెంకటరమణప్ప


హోసూరు
2-10-2006

ప్రియమైన తమ్ముడా, నా నాయనా,

నీ ఉత్తరం చదివేటప్పుడు సుధామణి ఒక చోట ఆగిపోయింది. "చదువమ్మా, ఆడ ఏం రాసి ఉందో నాకు తెలుసు" అన్నాను.

తెలుసు తమ్ముడా. పది నెలలుగా తెలుసు. నన్ను అడగలేదని నీకు రాయించాను, మిషనువాడిని కొట్టబోయాను, నిన్ను కాదన్నాను. అన్నీ తెలిసే.

ఆ రోజు ఆఫీసరమ్మ చెయ్యి చాచి, "అవ్వా, ఆ మూలలో ఉండే మూడు రాళ్ళేమిటి?" అని అడిగింది. పదకొండు మందీ నా మొహం చూశారు. జయలక్ష్మమ్మ మెల్లగా, "పిల్లోళ్ళు ఆడుకునే చోట కడుపుతో పోయినదాని రాయి అంటే ఒప్పుకుంటారా ఏం?" అని గొణిగింది. ఆమె తప్పు లేదు. ఆమె కోడలికి అప్పుడు ఐదో నెల. మంచి పనికి కూర్చున్నాం, ఆ పేరు ఎత్తకూడదు అనుకున్నాను. పార్కు చెయ్యి జారిపోతుందేమోననీ అనుకున్నాను. రెండూ ఒక్క క్షణంలోనే. "ఏమీ లేదమ్మా, ఉత్త రాళ్ళు" అన్నాను. నేనే అన్నాను. మిగతావాళ్ళు నా మీది గౌరవంతో నోరు మూసుకున్నారు. వాళ్ళు ఇప్పుడు నన్ను చూసి తల తిప్పుకునేది పని పోతుందనే భయంతో కాదు, సిగ్గుతో. నా సిగ్గును వాళ్ళు మోస్తున్నారు.

రాయి దానంతటది ఉంటుందనుకున్నాను. అందరికీ తెలిసిన దాన్ని ఎవరు తీస్తారనుకున్నాను. మందవీధికి తెలిసింది పట్టీకేం తెలుసు?

కొత్త రాయి వద్దు. ఎక్కడ నాటుతావు? ఆ దారిలో ఇప్పుడు మూటలవాళ్ళు రారు. గేటు దగ్గర అంజనప్ప కాపలా ఉన్నాడు. నిన్న గంపతో పోతే, "అవ్వా, గంపలు లోపలికి తీసుకుపోకూడదు, బోర్డులో రాసుండాది" అన్నాడు. "నాకు చదువు రాదు గదప్పా, చదివి చెప్పు" అన్నాను. చదివాడు. నిజంగానే రాసి ఉంది. "ఈడ పెట్టిపో అవ్వా, నేను చూసుకుంటా" అని గేటు పక్కన నేల చూపించాడు. మంచివాడే. కానీ నేల మీద దించితే మళ్ళీ ఎత్తుకోవడానికి ఇంకొక మనిషి కావాలి. భుజమెత్తు రాయి ఉంటే ఆడది ఒక్కతే దించుకుంటుంది, ఒక్కతే ఎత్తుకుంటుంది. అందుకే గదా నువ్వు నా భుజానికి కొలిచింది.

గంప మోసుకునే ఇంటికి వచ్చాను. పొద్దున పూట వీధి ఆడవాళ్ళంతా ఆ దారి మీద నడుస్తారు. ఆరోగ్యానికి మంచిదట. వాళ్ళ చెప్పుల కింద కరకరమని చప్పుడవుతుంది. కిటికీ మూసుకుంటాను.

నీ జేబులో ఉన్న అర్జీ చించెయ్యి. సంఘం వాళ్ళ పని వాళ్ళకు ఉండనీ. నువ్వు రావద్దు. చూడటానికి ఏమీ లేదు. అది అక్కడుందనే ధైర్యంతో బతుకుతున్నానన్నావే, నీ ధైర్యం కూడా నేనే తీసేశాను.

గౌరి. గౌరి. గౌరి. సుధామణీ, మూడుసార్లూ రాయి. ఆ రోజు ఒక్కసారి పలికి ఉంటే చాలేది.

ఈ కాగితం మీద వేలు పెట్టను. ఆ పట్టీ మీద పెట్టింది చాలు.

ఇట్లు
గౌరి అమ్మ