నోటికి తపస్కాలం

ఫిబ్రవరి 18, విభూది బుధవారం

వినీలా, నిన్న భోజనాల దగ్గర నువ్వన్నది తప్పు. మీ కాలేజీ వార్షికోత్సవంలో నేను ముఖ్య అతిథిని ఆపింది రెండుసార్లు కాదు, ఒక్కసారే. రెండోసారి నేను లేచి నిలబడగానే ఆయనే ఆగిపోయాడు. చిన్నప్పుడు తమ ఊళ్ళో కరెంటే లేదనీ, వీధిలైటు కింద కూర్చుని చదువుకున్నాననీ ఒకే వాక్యంలో చెప్పే మనిషిని ఆపకుండా ఎలా ఉండటం? హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని.

ఈ డైరీ నువ్వు చాటుగా చదువుతావని నాకు తెలుసు. అందుకే నీకే రాస్తున్నాను. బల్ల మీదే పెడతాను. వెతికే శ్రమ తప్పుతుంది.

ఇక విషయం. ఏప్రిల్ పదకొండున మీ ఫైనల్ ఇయర్ పిల్లల వీడ్కోలు సభ. ఇంటికి రెండే పాసులు. ఒకటి మీ అమ్మ డయానాది. మీ నాన్నకు ఆ రోజు రైలు డ్యూటీ. నతానియేలు ఇంజను దారిలో ఆపేసి రాలేడు. రెండో పాసు న్యాయంగా నాది. నీకు ఎక్కాలు నేర్పింది ఈ అమ్మమ్మే. నువ్వు మాత్రం మీ మేనత్త బ్లెస్సీకి ఇస్తానంటున్నావు. కారణం, ఆమె నోరు మెదపదు, ఫోటోలు బాగా తీస్తుంది.

మొత్తానికి బేరం కుదిరింది. ఈస్టరు దాకా నేను ఎవరికీ సలహా ఇవ్వకూడదు. ఎవరి తప్పూ దిద్దకూడదు. అలా ఉండగలిగితే పాసు నాకు. లేకపోతే బ్లెస్సీకి.

తపస్కాలంలో అందరూ మాంసం మానేస్తారు. నేను సలహా మానేస్తున్నాను. ఇదెంత పని? నుదుట విభూది పెడుతూ ఫాదర్‌గారు మట్టివి, మట్టిలో కలుస్తావు అన్నారు. ఈ మట్టి ఇక నోరు తెరవదు.

ఫిబ్రవరి 19, గురువారం

ఇవాళ నేను అనని మాటలు:

తడి జుట్టుతో ఏసీ కింద పడుకోకు.

పదిన్నరకు లేచి తినేదాన్ని టిఫిన్ అనరు.

ప్రాజెక్టు రిపోర్టు 'ఆల్మోస్ట్ అయిపోయింది' అంటే ఇంకా మొదలుపెట్టలేదని మీ అమ్మకు కూడా తెలుసు.

ఒక్కటీ అనలేదు. రాశానంతే. రాత మాట కాదు. ఇదివరకే ఎందుకు ప్రయత్నించలేదో, ఎంత హాయిగా ఉందో!

ఫిబ్రవరి 20, శుక్రవారం

గుడిలో సిలువ మార్గం, ప్రభువు సిలువ మోసిన దారిలోని పద్నాలుగు స్థలాల ప్రార్థన. చదివేది ఉపదేశి మరియదాసు. అయిదవ స్థలం అయ్యాక రెండు పేజీలు కలిపి తిప్పేశాడు. నేరుగా ఏడవ స్థలం. అంటే వెరోనికమ్మ ప్రభువు ముఖం తుడవనే లేదు. గుడి నిండా జనం. ఒక్కరికీ అనుమానం రాలేదు.

చీర చెంగు పళ్ళ మధ్య పెట్టుకుని నిలబడ్డాను. అందరూ వెళ్ళిపోయాక ఆరవ పటం ముందు ఒక్కదాన్నే మోకాళ్ళూని ఆ స్థలం పూర్తిచేసి వచ్చాను. తెరేసమ్మ టీచరుగారికి వెరోనికమ్మ అంటే ఎంత భక్తో అని మరియదాసు మీ అమ్మతో అన్నాడట. మోకాళ్ళు పోయాయి. పాసు భద్రంగా ఉంది.

సాయంత్రం నువ్వు నీ స్నేహితుల్ని తెచ్చావు. కంకిపాడు సిద్ధార్థ, పటమట సాయిశ్రీ. జూన్‌లో ముగ్గురికీ మూడు ఊళ్ళలో ఉద్యోగాలు. నీది చెన్నై. గదులు తీసుకుని వండుకోవాలి గనక ప్రతి శుక్రవారం వంట నేర్చుకుంటారట. నా వంటింట్లో, ఫోన్లో వీడియో చూసి. పక్కన నేనుండగా!

ఇవాళ ఉప్మా. రవ్వ వేయించకుండా గుమ్మరించారు. సిద్ధార్థ మధ్యలో గరిటె నిలబెట్టి చెయ్యి వదిలితే అది అలాగే నిలబడింది. ముగ్గురూ దానితో ఫోటో దిగారు. నేను మాట్లాడకుండా తిన్నాను. తపస్సంటే ఇదే.

ఫిబ్రవరి 22, ఆదివారం

గొప్ప సంగతి కనిపెట్టాను. ఆదివారాలు తపస్కాలం లెక్కలోకి రావు. కావలిస్తే కూడి చూసుకో. విభూది బుధవారం నుంచి ఈస్టరు ముందురోజు దాకా నలభై ఆరు రోజులు. ఆరు ఆదివారాలు తీసేస్తేనే నలభై. ఫాదర్‌గారిని అడిగాను, నిజమేనన్నారు. ఎందుకు అడుగుతున్నానో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

తెల్లారగానే నీ మంచం పక్కన కుర్చీ వేసుకున్నాను. బుధవారం నుంచి దాచినవన్నీ వరసగా వినిపించాను. నువ్వు దుప్పటి తల మీదికి లాక్కున్నావు. ఆ దుప్పటి ఉతికి నెలయిందన్న సంగతీ చెప్పేశాను.

ప్రాణం ఎంత తేలికపడిందో.

మార్చి 1, ఆదివారం

పండగనాడు కూడా ఎనిమిదికి ముందు లేవని పిల్లవి, ఆరింటి పూజకు వెళ్ళిపోయావు! అటునుంచి అటే సాయిశ్రీ ఇంటికి. నేను పడుకున్నాక గాని ఇల్లు చేరలేదు. వారం రోజుల సరుకు నా దగ్గరే ఉండిపోయింది.

నీ భక్తిని ఫాదర్‌గారు మెచ్చుకున్నారట. ఆయన అభిప్రాయాన్ని నేను దిద్దలేదు. ఇది నా ఖాతాలో వేసుకో.

మార్చి 6, శుక్రవారం

పప్పు. కంది పప్పు ఉడక్కముందే చింతపండు పులుసు పోయబోయారు. పులుపు తగిలితే పప్పు ఈ జన్మలో ఉడకదు.

పొయ్యి పక్కన గోడ మీద అంతోనివారి పటం ఉంది. పోయిన వస్తువులు వెతికిపెట్టే పునీతుడు. ఈ పిల్లలకు పోయింది ఇంగితం కాబట్టి ఆయన్నే వేడుకున్నాను, కాస్త గట్టిగా. పునీత అంతోనివారా, ఈ బిడ్డలు పప్పు మెత్తబడేదాకా పులుపు పోయకుండా చూడండి, పోపు పెట్టేటప్పుడు నూనె కాగనివ్వండి, మూత పెట్టే ముందు కుక్కరుకు గ్యాస్కెట్ ఉందో లేదో చూసే బుద్ధి ఇవ్వండి.

సిద్ధార్థ పటానికి దణ్ణం పెట్టి చింతపండు గిన్నె పక్కన పెట్టాడు. పప్పు వెన్నలా ఉడికింది. ఆయనెవరో గాని కరెక్టుగా చెప్తున్నారండీ అన్నాడు. ఆ పిల్లాడి మీద నాకు గౌరవం కలిగింది.

నీకు కలగలేదు.

"అమ్మమ్మా, ప్రార్థన మనసులో చేసుకో. దేవుడికేం చెవుడు లేదు."

సరే. ఇది హెచ్చరిక కింద జమ. పాసు ఇంకా నాదే.

మార్చి 14, శనివారం

నీకు ఈ మధ్య అన్నీ చివరివే. చివరి ల్యాబ్. చివరి ఇంటర్నల్. మొన్న చివరి బంక్ అన్నావు. అది మూడో చివరి బంక్. దిద్దలేదు.

సాయంత్రం నన్ను స్కూటీ ఎక్కించుకుని బందరు రోడ్డులో పునుగులు తినిపించావు. తర్వాత బ్యారేజీ మీద కాసేపు నిలబడ్డాం. నేనేమీ అనకపోవడంతో నువ్వు చెబుతూనే ఉన్నావు. కాలేజీ బస్సులో వెనక సీటు మీ ముగ్గురిదేనట. క్యాంటీన్లో ఒక ప్లేటు ఫ్రైడ్ రైస్ చెప్పి మూడు చెంచాలు అడిగితే ఆయన ఇప్పుడు అడక్కుండానే ఇస్తాడట. చెన్నైలో ఒక్క చెంచా ఇస్తారు కదా అమ్మమ్మా అన్నావు.

దానికి నా దగ్గర నాలుగు సలహాలున్నాయి. మింగేశాను. నీ భుజం మీద చెయ్యి వేశాను, అంతే.

నా నోరు మూతపడితే నీ నోరు ఇంతసేపు తెరుచుకుంటుందని ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదు. చెప్పబోయినా నేను మధ్యలో ఆపేసి ఉంటాను.

ఇంటికొచ్చాక, పాసు దాదాపు నీదే అన్నావు. గంధం రంగు చీర ఇస్త్రీకి వేశాను.

మార్చి 20, శుక్రవారం

దగ్గు పట్టుకుంది. దగ్గు మాట కాదు.

ఒక దగ్గు దగ్గితే ఉప్పు చూసుకోమని. రెండు దగ్గితే మంట తగ్గించమని. సిద్ధార్థ రెండో నిమిషానికే పట్టేశాడు. వంకాయ కూర బ్రహ్మాండంగా కుదిరింది. సాయిశ్రీ మాత్రం పాపం మందుల షాపుకు పరిగెత్తి సిరప్ తెచ్చింది. తాగాను. చేసిన పాపానికి అంత తియ్యటి శిక్ష ఎక్కడా ఉండదు.

మార్చి 27, శుక్రవారం

అయిపోయింది.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. సిద్ధార్థ ఇంటి నుంచి పెద్ద బొచ్చె చేప తెచ్చాడు. వాళ్ళ తాతయ్య హనుమయ్యగారు దగ్గరుండి చెరువులో పట్టించి పంపారట. ఫోన్ చేసి ధన్యవాదాలు చెప్పాను. పెద్దాయనకు బాగా చెవుడు. నా ధన్యవాదాలు మన వీధంతా విన్నది, ఆయన తప్ప.

ఇవాళ చేపల పులుసు. ఉల్లిపాయ బాగా వేగింది. చింతపండు సరిపోయింది. కారం సరిపోయింది. అంతోనివారు గోడ మీద నుంచి సంతోషంగా చూస్తున్నారు. ముక్కలు వేశారు. పులుసు తెర్లింది. ముక్కలు మెత్తబడ్డాయి.

సిద్ధార్థ గరిటె తీశాడు.

ముక్కలు పడ్డాక చేపల పులుసులో గరిటె పెట్టకూడదు. గిన్నెను రెండువైపులా గుడ్డతో పట్టుకుని, గిన్నె మొత్తాన్ని మెల్లగా తిప్పాలి. గరిటె పెడితే ముక్క చితికి ముల్లు ఒకచోట, చేప ఒకచోట అవుతుంది. ఈ సంగతి కృష్ణా జిల్లాలో పుట్టిన పిల్లికి కూడా తెలుసు. ఈ పిల్లాడికి తెలియదు. ఇన్నాళ్ళూ తినడమే గాని పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు కదా.

దగ్గాను. సాయిశ్రీ సిరప్ అందుకుంది. మనసులో ప్రార్థించాను. అంతోనివారు కదల్లేదు. గరిటె పులుసు మీదికి వంగింది.

"ఒరేయ్, తియ్యరా గరిటె! పులుసా అది, వెల్లవేసే సున్నమా?"

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. గరిటె లాక్కున్నాను. ఉప్మా గురించి చెప్పాను. వంకాయలు కోసి నీళ్ళలో వేయకపోవడం గురించి చెప్పాను. అక్కణ్ణుంచి తడి జుట్టు, దుప్పటి, ప్రాజెక్టు రిపోర్టు, మూడు చివరి బంకులు. చెబుతూనే గిన్నె పట్టుకుని తిప్పి చూపించాను. ముక్క ఒక్కటి చెదరలేదు.

పక్కింటి వాళ్ళు కిటికీ తెరిచారు.

"పాసు పోయింది అమ్మమ్మా," అన్నావు నువ్వు. నవ్వుతావేమో అని చూశాను. నవ్వలేదు.

పులుసు మాత్రం అద్భుతంగా ఉంది. నలుగురం తలవంచుకుని తిన్నాం.

మార్చి 28, శనివారం

నా వాదన:

ఒకటి, అది సలహా కాదు, ప్రాణరక్షణ. చేపది కాదు, దాని పని అప్పటికే అయిపోయింది. పులుసుది.

రెండు, వంటిల్లు నాది. సొంత వంటింట్లో గరిటె అడిగే హక్కు తపస్కాలంలో కూడా ఉంటుంది.

మూడు, శుక్రవారం పొద్దు గుంకాక అన్నాను. పాతకాలం లెక్కలో పొద్దు గుంకితే మర్నాడే.

మూడోది చదివి, శనివారం మాత్రం తపస్కాలం కాదా అంది మీ అమ్మ.

మార్చి 29, మ్రానికొమ్మల ఆదివారం

ఆదివారం. మాట్లాడొచ్చు. ఏమీ అనబుద్ధి కాలేదు.

నువ్వు ఇవాళ పారిపోలేదు. ఎనిమిదింటిదాకా మంచం మీదే దొర్లుతూ నా కుర్చీ వైపు చూశావు. చివరికి నువ్వే లేచి వచ్చి, ఒంట్లో బాగాలేదా అని అడిగావు. బాగానే ఉన్నానన్నాను. దుప్పటి ఉతుక్కున్నావు, చెప్పకుండానే.

మధ్యాహ్నం బ్లెస్సీ ఫోన్ చేసింది. సభకు ఏ చీర కట్టుకోమంటారు అత్తయ్యగారూ అని అడిగింది. అడిగితే చెప్పడం సలహా కిందికి రాదు. అయినా, నీ ఇష్టం అమ్మా అన్నాను. గంధం రంగు చీర మడత పెట్టి బీరువాలో పెట్టేశాను.

బ్యారేజీ మీద నువ్వు చెప్పిన మూడు చెంచాలు గుర్తొస్తున్నాయి. ఆ క్యాంటీనాయన్ని ఒకసారి చూడాలనుకున్నాను.

ఏప్రిల్ 5, ఈస్టరు

పూజ అయి ఇంటికి రాగానే సిద్ధార్థ వచ్చాడు. చేతిలో పాసు! ముందు బ్లెస్సీ మనసు మార్చుకుందేమో అనుకున్నాను. కాదు. అది వాళ్ళింటి పాసు.

సంగతేమిటంటే, వాళ్ళ చెల్లికి అదే రోజు గుంటూరులో ప్రవేశ పరీక్ష. వాళ్ళమ్మ శివపార్వతి ఆ పిల్ల వెంట వెళ్ళాలి. సభకు తాతయ్య ఒక్కరే వస్తారు. ఆయన చెవి మిషన్లో సెల్లు అయిపోయి వారమైంది. సభలో ఏం జరుగుతోందో పక్కన కూర్చుని చెప్పే మనిషి కావాలి. గట్టి గొంతు మనిషి.

"ఆ రోజు మీరు గరిటె లాక్కున్నాక ఇంకెవర్నీ అడగబుద్ధి కాలేదండీ అమ్మమ్మగారూ," అన్నాడు.

నీ మొహం అప్పుడు చూడాల్సింది. అమ్మమ్మ అక్కడ నోరు తెరవకూడదని నువ్వంటే, తెరవకపోతే మా తాతయ్యకి ఎలా తెలుస్తుందే అన్నాడు. నువ్వు కోపంగా వంటింట్లోకి వెళ్ళావు. అక్కడ నవ్వుకున్నావు. గిన్నెల చప్పుడులో వినపడదనుకున్నావు. నాకు చెవుడు లేదు.

కాబట్టి ముఖ్య అతిథి ఏం చెప్పినా హనుమయ్యగారికి అందజేస్తాను. ఆ అతిథి ఏదైనా తప్పు చెబితే సరిచేసి అందజేస్తాను. పెద్దాయనకు తప్పుడు సమాచారం ఇవ్వకూడదు. నువ్వు వేదిక ఎక్కినప్పుడు మాత్రం, ఆ పిల్ల మా పిల్లే అని, ఆయనకు వినపడేదాకా చెబుతాను.

ఇక రేపటి నుంచి మళ్ళీ మొదలు. ఇంకో ఏడు వారాలు, పెంతెకోస్తు పండుగ దాకా ఎవరికీ సలహా లేదు, ఎవరి తప్పూ దిద్దేది లేదు. ఈసారి గట్టి నిర్ణయం. మినహాయింపులు: ఆదివారాలు, చేపల పులుసు, ఏప్రిల్ పదకొండు.

నీకొక చిన్న పని. హనుమయ్యగారి చెవి మిషను సెల్లు నేను తెప్పిస్తానని సిద్ధార్థకు మాటిచ్చాను. అతనిచ్చిన పాత సెల్లు కాగితంలో చుట్టి నీ బ్యాగు ముందు అరలో పెట్టాను, గుండీ అంత ఉంటుంది, పారేయకు. గవర్నరుపేటలో చెవి మిషన్లు అమ్మే షాపులో చూపించి అదే సైజు అట్ట ఒకటి తీసుకో. వెనక తేదీ చూసి తీసుకో. ఎండలో తొందరపడి వెళ్ళొద్దు. సభ శనివారం కదా, సోమవారం, పదమూడో తేదీన వెళ్ళు.