నాన్న అరచేతికి ఆంప్లిఫయర్

అమ్మా,
నేను కులాసాగానే ఉన్నాను, దగ్గు తగ్గింది. నాన్నకి రెండో చెవి కూడా వినబడటం లేదని రాశావు. నీ ఉత్తరం అందిన మరునాడే, కాలితో పెడళ్ళు నొక్కుతూ వాయించే నా పెడల్ స్టీల్ గిటారుకి, మోత పెంచే వాల్వుల ఆంప్లిఫయర్ పెట్టె కొనబోయాను. ఒక చేత్తో తీగ మీటుతూ, రెండో చెయ్యి ప్రతి పెట్టె మీదా ఆనించి చూశాను.

"పాట వింటున్నావా, జ్వరం చూస్తున్నావా?" అని కొట్టాయన నవ్వాడు.

చెవికి తియ్యగా పలికిన పెట్టె చేతికి ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. ఒక చెక్కపెట్టె మాత్రం సన్నతీగ మోతని కూడా అరచేతిలోకి పంపింది. అదే తీసుకున్నాను, ఆదివారం తెస్తాను.

పెట్టెకి పక్కన చోటుండేలా నాన్న మంచం కిటికీ వైపు జరిపించు. మేక ఈనిందా? పెట్టె వెనక వాల్వులు ముట్టుకుంటే కాలతాయి, చెయ్యి పెట్టె పైనే పెట్టాలని నాన్నకి సైగ చేసి చెప్పు. మీ ఇద్దరికీ దండాలు. తప్పు వాయిస్తే మునుపటిలాగే నా వీపు మీద ఒకటి వెయ్యమను.

నీ పెద్దాడు