ఉప్పెక్కువైందట

జూలై 14, సోమవారం

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఏ రోజు ఏం జరిగిందో నాలుగు ముక్కలు రాసుకుంటే జ్ఞాపకం కుదుటపడుతుందని డాక్టరు గారి మాట. మూడో తరగతి పిల్లలకి పదిహేనేళ్ళుగా హోంవర్కు ఇచ్చినదాన్ని. ఇప్పుడు నాకు ఇచ్చారు. బాగానే ఉంది.

మెదడులో రక్తనాళం బుడగలా ఉబ్బి చిట్లింది. తొడ దగ్గర సన్నటి తీగ దూర్చి, అంత పైదాకా పంపించి, ఆ బుడగని లోపల్నుంచి మూసేశారు. ఇదంతా ఇంట్లోవాళ్ళు చెబితే తెలిసింది. నాకు నేనుగా గుర్తున్నది మే నెలలో డాబా మీద బట్టలు ఆరేస్తూ ఉండటం. ఆ తర్వాత జూన్ ఆఖర్లో ఈ ఇంటి గుమ్మం. మధ్యలో ఏమీ లేదు.

జూలై 16, బుధవారం

తలనొప్పి లేదు. మధ్యాహ్నం పాలు స్టవ్ మీద పెట్టి మర్చిపోయాను. మా ఆయన ఏమీ అనలేదు. ఉల్లిపాయల మార్కెట్లో రోజంతా హమాలీల మీద అరిచి అరిచి వచ్చే మనిషి, ఇంట్లో ఇంత నెమ్మదిగా ఉంటే నాకు భయమేస్తోంది. ఒకసారి విసుక్కుంటే బాగుండు.

జూలై 18, శుక్రవారం

తమ్ముడు రాంబాబు భీమడోలు నుంచి వచ్చాడు. నాన్న పంపారని కొరమేనులు తెచ్చాడు. కొల్లేటి చేప తింటే ఒంట్లో రక్తం పడుతుందని నాన్న నమ్మకం. కానీ ముక్కలు కోయించి కవర్లో తెచ్చాడు. నాన్నయితే బకెట్లో నీళ్ళు పోసి బతికున్నవే తెస్తారు, రైల్లో అందరి కాళ్ళ మీదా నీళ్ళు చిందిస్తూ. అదే అన్నాను. ఈమధ్య రైల్లో ఒప్పుకోవట్లేదక్కా అన్నాడు.

వాడి గుండు మీద ఇప్పుడిప్పుడే జుట్టు వస్తోంది. నేను ఐసీయూలో ఉండగా చిన్నతిరుపతి వెళ్ళి నా కోసం తలనీలాలు ఇచ్చాడు. ఆ మాట విన్నప్పుడల్లా కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. నాకూ తలలోంచి నీళ్ళు తీయడానికి ఒక పక్క గొరిగారు కదా… నీది నిండు గుండు, నాది అర గుండు అన్నాను. వాడు నవ్వలేదు. ఉత్తప్పుడు పళ్ళికిలించుకు తిరిగే వెధవ.

వెళ్ళేటప్పుడు మాగాయ జాడీ ఇచ్చి పంపాను. పడిపోవడానికి ముందు పెట్టినది. మూతికి గుడ్డ నేనే కట్టాను. నాన్నకి ఒక్కరికే, అమ్మని కూడా ముట్టుకోవద్దన్నానని చెప్పమన్నాను. సరేనన్నాడు.

జూలై 21, సోమవారం

అమ్మకి ఫోన్. నాన్న పడుకున్నారట. పగలు పదకొండింటికి పడుకోవడమేమిటి?

వీడియో పెట్టమంటే ఫోన్లో బొమ్మ రావట్లేదంది. గొంతు బొంగురుగా ఉంది. జలుబు అంది.

జూలై 24, గురువారం

రాంబాబుని అడిగాను, మాగాయ ఎలా ఉందన్నారురా అని. ముందు ఏ మాగాయక్కా అన్నాడు. తర్వాత, ఉప్పెక్కువైందన్నారక్కా అన్నాడు.

పొట్ట పట్టుకుని నవ్వాను. బీపీకి ఉప్పు తగ్గించమన్న దగ్గర్నుంచి నాన్నకి ఎవరు ఏం చేసిపెట్టినా ఉప్పెక్కువే. అలా అంటూనే జాడీ అడుగంటా నాకేస్తారు. నిన్నటిదాకా ఏదో బెంగగా ఉంది, అది పోయింది. మా అమ్మాయి లావణ్య కాలేజీ నుంచి రాగానే చెప్పాను, మీ తాతయ్య ఇలా అన్నారట అని. పిల్ల బ్యాగు కూడా దించకుండా బాత్‌రూంలోకి వెళ్ళింది. చాలాసేపు కుళాయి తిప్పే ఉంది.

జూలై 29, మంగళవారం

ఎడం చెయ్యి వేళ్ళు ఇంకా మొద్దుగానే ఉన్నాయి. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి పావుగంట.

ఆగస్టు 2, శనివారం

వరలక్ష్మీ వ్రతానికి అమ్మ ప్రతి ఏడూ వస్తుంది. కలశానికి చీర కట్టేది అమ్మే, నాకు కుదరదు. ఈసారి మోకాళ్ళ నొప్పులంటోంది. ఇక్కడ మా గూడెం నుంచి భీమడోలు ఎంతని? ప్యాసింజరు ఎక్కితే కళ్ళు మూసి తెరిచేలోపు. కూతురు చావు దాకా వెళ్ళొచ్చింది, ఇంటికొచ్చి నెల దాటింది, ఒక్కసారి చూడాలనిపించలేదా ఆవిడకి? కోపం వచ్చి ఫోన్ పెట్టేశాను.

ఈ ఏడు వ్రతం వద్దులే, నీరసపడతావు అన్నారు ఆయన. ఈ ఇంట్లో నా తరఫున అందరూ నిర్ణయాలు తీసేసుకుంటున్నారు. నేను మాత్రం ఊఁ కొట్టాలి.

ఆగస్టు 8, శుక్రవారం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

సాయంత్రం ఫాతిమా వచ్చింది. మా వీధి చివర టైలరు. చిక్కిపోయానని నా జాకెట్లు బిగించి ఇచ్చింది. దాని పుట్టిల్లు భీమడోలే, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. ఆయన ఇంకా మార్కెట్ నుంచి రాలేదు. మంచినీళ్ళు తాగి, కాస్త ఇబ్బందిగా కూర్చుని, తలుపు వైపు చూసి అంది —

"మీకు ఒంట్లో కుదిరాక పలకరిద్దామని ఆగానండీ టీచర్ గారూ. మా అన్నయ్యా వాళ్ళూ పెద్దకర్మకి వెళ్ళారండి. మీ నాన్నగారు అంత మంచాయన…"

ఎవరి పెద్దకర్మ అని అడిగాను.

దాని మొహం చూశాక ఇంక అడగలేదు. మిగతాది అదే చెప్పింది.

నాన్న పోయారు. జూన్ మొదట్లోనే. ఆసుపత్రికొచ్చి నన్ను చూసి వెళ్ళారట, ఆ రాత్రే గుండెనొప్పి. ఫాతిమాకి తెలుసు. వాళ్ళ అన్నయ్యకి తెలుసు. ఎదురింటి వాళ్ళకీ, మా స్కూల్లో ఆయాకీ, పాలు పోసే ఆవిడకీ కూడా తెలిసే ఉంటుంది. మొన్నామధ్య ఆవిడ నన్ను చూసి చెంగు అడ్డం పెట్టుకుంది. నా జబ్బు గురించి అనుకున్నాను.

రాంబాబు గుండు నా కోసం కాదు.

ఆగస్టు 8, ఇంకా

ఆయన కాళ్ళు కడుక్కుని లోపలికి రాగానే అడిగాను. అబద్ధం చెబితే అరుద్దామని సిద్ధంగా ఉన్నాను. చెప్పలేదు. కుర్చీలో కూర్చుని, తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని, నేలకేసి చూస్తూ అన్నారు.

"చెప్పాను వేణీ. ఆసుపత్రిలోనే చెప్పాను. ఏడ్చావు. మర్నాడు లేచి నాన్న ఎలా ఉన్నారండీ అన్నావు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ మొదటిసారి విన్నట్టే ఏడ్చావు. ఆ మర్నాడు మళ్ళీ అడిగావు. ఆ మనిషిని నీ ముందు ఎన్నిసార్లు చంపమంటావు?"



ఆగస్టు 9, శనివారం

అన్నం తినలేదు. మాత్రలు మాత్రం వేసుకున్నాను. మళ్ళీ ఆసుపత్రిలో పడితే ఇంకేం దాస్తారో అని.

రాంబాబు పొద్దున్నే పరిగెత్తుకొచ్చాడు. గుమ్మంలోనే ఏడుపు మొదలెట్టాడు. చేపల సంగతి సరే, చిన్నతిరుపతి సంగతి సరే, ఏదో బతికించుకోవాలని అన్నారనుకుంటాను. ఉప్పు మాట ఎందుకన్నావురా అని అడిగాను. కళ్ళు తుడుచుకుని అన్నాడు.

"బాగుందన్నారంటే నువ్వు నమ్మవనిపించిందక్కా. అలా అంటే నవ్వుతావనిపించింది."

నవ్వాను కదా. పగలబడి నవ్వాను. పోయిన నాన్నని నా తమ్ముడు నా చెవిలో బతికించి మాట్లాడించాడు, అచ్చం నాన్నలాగే. నాన్న ఎలా మాట్లాడతారో వాడికి తెలుసు కాబట్టే అంత బాగా మోసం చేయగలిగాడు. పరాయివాళ్ళ వల్ల అయ్యేది కాదు. వెళ్ళిపొమ్మన్నాను. కాఫీ కూడా ఇవ్వలేదు.

ఆగస్టు 10, ఆదివారం

నిజంగా చెప్పి ఉంటారా?

మంచం, పైన తిరిగే ఫ్యాను, ఎవరో చెయ్యి పట్టుకోవడం… ఎంత తవ్వుకున్నా ఇంతకన్నా రావట్లేదు. నాన్న వచ్చి నన్ను చూశారట, అదీ గుర్తు లేదు. ఆఖరిచూపు ఆయన చూసుకున్నారు. నాకు లేదు.

నా తండ్రి పోయాడంటే నేను మర్చిపోతానా? స్టవ్ మీద పాలు మర్చిపోయినట్టు?

ఆగస్టు 11, సోమవారం

ఏడుద్దామంటే రావట్లేదు. ఇదివరకే ఏడ్చేశావు అంటున్నారు. నాకు తెలియకుండా నా ఏడుపు కూడా అయిపోయిందంటే ఒళ్ళు మండిపోతోంది.

ఆగస్టు 13, బుధవారం

ఆయనతో చెప్పకుండా వెళ్ళాను. వాళ్ళేనా దాచేది?

ఫాతిమా తోడొచ్చింది. తన నోటి నుంచి వచ్చిందని ఐదు రోజులుగా కుమిలిపోతోంది. నువ్వొక్కదానివే నిజం చెప్పావే అన్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి, గాలి తగలకుండా నా తలకి చున్నీ కట్టింది.

అమ్మ నడిమింట్లో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. బొట్టు లేదు. చేతులు బోసిగా ఉన్నాయి. ఫోన్లో బొమ్మ ఎందుకు రాలేదో, వ్రతానికి ఎందుకు రాలేదో నోరు తెరిచి అడగక్కర్లేకపోయింది. మొన్న ఆవిడ మీద ఫోన్ పెట్టేసినందుకు నన్ను నేను కొట్టుకోవాలనిపించింది. వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాను. నా తలలో గొరిగిన చోటు తడుముతూ కూర్చుంది.

అలమరలో మాగాయ జాడీ. నేను కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది.

ఆయన నాకు ఆసుపత్రిలోనే చెప్పారట కదా అని అడిగాను. అమ్మ తలూపింది.

"చెప్పేశామనే అన్నారమ్మా అల్లుడుగారు. విని నువ్వు కంటతడి కూడా పెట్టలేదట. అలా గోడవైపు తిరిగి పడుకున్నావట. మళ్ళీ అడిగితే మాత్రం చెప్పొద్దన్నారు, తల నరం తట్టుకోదని. నేనేం చేసేదాన్ని, నువ్వైనా మిగలాలి కదా."

ఏడవలేదా? నాతో ఏడ్చానన్నారు. ప్రతిసారీ ఏడ్చానన్నారు.

ఆగస్టు 14, గురువారం

చెప్పకుండా వెళ్ళినందుకు ఆయన ఒక్క మాట అనలేదు. నా చెప్పులకి అంటిన బురద కడిగి ఆరబెట్టారు. ఇలాంటి మనిషిని పట్టుకుని అబద్ధాలకోరు అనాలంటే నాకే సిగ్గుగా ఉంది. అలాగని నమ్మలేకపోతున్నాను. అమ్మకి ఒక మాట, నాకొక మాట ఎందుకు చెప్పారు అంటే, ఆ రోజుల్లో ఎవరికేం చెప్పానో నాకే తెలీదు వేణీ అన్నారు. నిజమే కావచ్చు. నిద్రాహారాలు లేకుండా ఆసుపత్రి వరండాలో పడున్నారని అందరూ అంటారు.

ఆ 'అందరూ' ఎవరు? నాన్న పడుకున్నారని చెప్పినవాళ్ళే కదా.

చెప్పి ఉంటే నా బుర్రే నాకు ద్రోహం చేసింది. చెప్పకపోయి ఉంటే ఈయన చేశారు, పైగా నా బుర్ర మీదకి నెట్టి. ఏదో ఒకటి తేలితే ఆ దిక్కుకి తిరిగి ఏడుస్తాను. తేలకుండా ఈయన పక్కన పడుకోవడం, ఈయన చేతి మాత్రలు మింగడం నా వల్ల కావట్లేదు.

ఆగస్టు 16, శనివారం

ఆసుపత్రిలో రాత్రింబవళ్ళు నా మంచం పక్కనే ఉన్నది లావణ్య. పరీక్ష కూడా మానుకుందట. దానికి అబద్ధం చెప్పడం రాదు. చిన్నప్పుడు పెన్సిలు పోగొట్టుకుంటే అడక్కముందే ఏడ్చేది. ఈ మాట నాకు ముందే ఎందుకు తట్టలేదో. రేపు అడుగుతాను.

ఆగస్టు 17, ఆదివారం

పొద్దున్న ఇడ్లీలు తింటున్నాం, ముగ్గురం. ఆయన ఎదురుగానే అడిగాను, చాటున ఎందుకని.

"లావణ్యా, తాతయ్య సంగతి నాన్న నాకు ఆసుపత్రిలో చెప్పారా?"

దాని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నావైపు చూస్తుందనుకున్నాను. వాళ్ళ నాన్నవైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు, చట్నీ కలుపుకుంటున్నారు.

"చెప్పారమ్మా," అంది.